పిలిచిన పేరు

“మొదటి కాన్పేనా?” అని ఎదురు ఫ్లాట్ ఆవిడ అడిగింది. నేను వసారాలో పాప గుడ్డలు దులిపి తీగ మీద ఆరేస్తున్నాను. నోరు తెరిచేలోపే మా అత్తగారు గుమ్మంలోంచి “అవునండీ, మొదటిదే” అనేశారు. “అదృష్టవంతురాలు, మొదటిసారే ఇంత తేలిగ్గా అయిపోయింది” అని ఆవిడ నన్ను మెచ్చుకుని, అత్తగారి చేతుల్లో ఉన్న పాప బుగ్గ మీద వేలు ఆనించి వెళ్ళిపోయింది. బకెట్లో ఇంకా సగం గుడ్డలున్నాయి. వంగి ఇంకొకటి తీశాను.

మా అత్తగారు అబద్ధాలాడే మనిషి కాదు. కొట్టువాడు పొరపాటున ఎక్కువ చిల్లరిస్తే మెట్లు దిగి వెళ్ళి మరీ తిరిగి ఇచ్చొచ్చే రకం. ఆవిడ దృష్టిలో అది అబద్ధం కానే కాదు, అదీ నా బాధ. రెండేళ్ళ కిందట ఏడో నెలలోనే పుట్టి, కొద్దిరోజులు గాజు పెట్టెలో ఉండి వెళ్ళిపోయిన పిల్ల ఈ ఇంటి లెక్కలో లేదు. దానికి పేరు లేదు కాబట్టి లెక్కలో లేదని వీళ్ళ నమ్మకం. అక్కడే పొరబడ్డారు. దానికి పేరుంది. నేను పెట్టాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, అంతే. మీకూ చెప్పను. చెప్తే బాగుంది కదా అని మీరూ వాడేస్తారు.

ఆ రోజుల్లో పేరు గురించి నోరెత్తనివ్వలేదు వీళ్ళు. “ఇప్పుడే పేరు పెట్టొద్దే, ముందు నిలబడనీ. పేరు పెడితే మమకారం ఎక్కువవుతుంది” అన్నారు అత్తగారు, నా జుట్టు సర్ది రబ్బరు బ్యాండు వేస్తూ. కోపంగా అనలేదు. నా మంచికే అన్నారు. నా మంచికని ఈ ఇంట్లో అన్న మాటలన్నీ పోగేస్తే ఒక గది నిండుతుంది. ఆస్పత్రిలో దాని చేతికి కట్టిన పట్టీ మీద నా పేరు రాసి, పక్కన బేబీ అని రాశారు. ఫలానా ఆవిడ బేబీ. ఆ పిల్ల ఈ లోకంలో ఉన్నన్నాళ్ళూ నా పేరు మీదే ఉంది. నాన్న పేరు గానీ తాత పేరు గానీ దాని దగ్గరికి రాలేదు. గాజు పెట్టె పక్కన నేను చేతులు కట్టుకుని నిలబడి ఉంటే అక్కడి నర్సు విసుక్కుంది. “ఊరికే చూస్తారేంటమ్మా, పిలవండి. అమ్మ గొంతు తెలుస్తుంది వీళ్ళకి” అంది. ఏమని పిలవమంటారు అన్నాను. “పేరు పెట్టి పిలవండి, ఇంకేమని పిలుస్తారు” అని తన పనిలో తను పడిపోయింది.

పెట్టెకి పక్కన గుండ్రటి కన్నం ఉంటుంది, చెయ్యి పెట్టడానికి. నేను అక్కడికి నోరు ఆనించి పిలిచాను. నా బొటనవేలంత లేదు దాని పాదం. ఆ పాదం కదిలింది. కాకతాళీయం అనుకుని కాసేపాగి మళ్ళీ పిలిచాను. మళ్ళీ కదిపింది. ఇక నేను ఆగలేదు. చేతులు కడుక్కుని, గౌను తొడుక్కుని, లోపలికి వెళ్ళిన ప్రతిసారీ అదే పని. మా ఆయన బయట వరండాలో ఆఫీసువాళ్ళతో ఫోన్లో సెలవు గురించి మాట్లాడుతూ తిరిగేవాడు. అత్తగారు గాజు తలుపు దాటి లోపలికి రాలేదు. చివరి రోజు కుట్ల నొప్పికి నాకు మందిచ్చి పడుకోబెట్టారు, ఆ మత్తులో ఉండగానే పోయిన పిల్లని తీసుకెళ్ళిపోయారు. లేచి అడిగితే, చూస్తే తట్టుకోలేవనే చూపించలేదన్నారు. అదీ నా మంచికే.

నా ఉద్యోగం పేర్లు పిలవడం. కళ్ళ డాక్టరు దగ్గర కౌంటర్లో కూర్చుంటాను. వచ్చినవాళ్ళ పేరు చీటీ మీద రాసి వరసలో పెట్టి, లోపలినుంచి గంట మోగగానే గట్టిగా పిలుస్తాను. మూడుసార్లు పిలిచినా ఎవరూ లేవకపోతే ఆ చీటీ అడుక్కి పోతుంది, అదీ మా పద్ధతి. ఇన్నేళ్ళుగా పిలిచి పిలిచి నాకు తెలిసిందేమిటంటే, పిల్లలు సగం పేరుకే లేచి నిలబడతారు, మగవాళ్ళు పూర్తయ్యేదాకా ఆగి లేస్తారు, పెద్దవయసు ఆడవాళ్ళు అసలు లేవరు. తమ పేరు తమకి వినపడదు. పక్కన కూర్చున్న కూతురో కోడలో మోచేత్తో పొడిచి “నిన్నేనమ్మా” అంటే ఉలిక్కిపడి, చెప్పులు వెతుక్కుంటారు. చెవుడేమీ కాదు. అమ్మా, అత్తా, పిన్నీ, బామ్మా అని తప్ప ఇంకోలా పిలిచినవాళ్ళు లేక చెవి ఆ పేరుని వదిలేసింది. నేను నవ్వుకునేదాన్ని మొదట్లో. తర్వాత నవ్వు రావడం మానేసింది, ఎందుకంటే డాక్టరుగారు నన్ను “కౌంటరూ!” అని పిలుస్తారు, ఇంట్లో “ఇదిగో” అంటారు, ఈ పాప పుట్టాక “పాపవాళ్ళమ్మ” నయ్యాను. నా చీటీ కూడా అడుక్కి పోవడానికి ఇంకెంతో దూరం లేదు.

కాబట్టి పేరు అంటే నాకొక లెక్క ఉంది. పిలిస్తే ఎవరు లేస్తారో ఆ పేరు వాళ్ళది. ఆ చిన్న పాదం లేచింది. దానితో ఆ పేరు దానిదైపోయింది.

ఇక ఈ పాప పేరు గొడవ. మా మామగారికి వాళ్ళమ్మ పేరు పెట్టాలని. నాలుగు తరాల కిందటి బరువంతా ఉన్న పెద్ద పేరు. మా అత్తగారు ఆ పేరు ఒక్కసారి కూడా నోటితో అనరు. ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో ఆ మహాతల్లి ఎంత ఏడిపించిందో గిన్నెలు తోమేటప్పుడు నాకే చెప్తారు. అయినా మామగారి తరఫున వాదించేది ఈవిడే. “పెద్దావిడ పేరు పెడితే ఆయన సంతోషిస్తారే” అంటారు. మరి మీకో అత్తయ్యా అంటే, “నాదేముందే” అని పొయ్యి వైపు తిరిగిపోతారు. అటుపక్క మా వదిన, అంటే మా ఆయన అక్క, రెండక్షరాల పేరు ఒకటి పట్టుకొచ్చింది. ఏ దేశంలోనైనా నోరు తిరుగుతుందట, ఏ ఫారంలోనైనా పడుతుందట. మామగారు అది విని “అది పేరా, తుమ్మా?” అన్నారు. “నాయనమ్మ పేరు పూర్తిగా పిలిచేసరికి పిల్ల పెళ్ళీడుకొచ్చేస్తుంది నాన్నా” అని వదిన. మా ఆయన ఇద్దరి మధ్యా నిలబడి, ఎవరు మాట్లాడితే వాళ్ళ వైపు తలూపుతూ ఉండేవాడు. ఆయనకి అది చిన్నప్పటినుంచీ అలవాటు.

వదిన ఊరుకునే మనిషి కాదు. ఫోన్లో ఒక గ్రూపు పెట్టింది. చుట్టాలందరినీ చేర్చి, పాత పేర్లు ఒక వైపు, కొత్త పేర్లు ఒక వైపు పెట్టి ఓట్లు వేయమంది. మా ఆయన పిన్ని ఉంది అందులో, ఆవిడ అల్లుడున్నాడు, మేం పెళ్ళిలో తప్ప మళ్ళీ చూడని బాబాయి ఒకాయన ఉన్నాడు. నేను లేను. “నన్నూ చేర్చొచ్చు కదా” అంటే, “నా ఫోన్లో ఉంటే నీకున్నట్టే కదా” అన్నాడు మా ఆయన. పైగా “నువ్వు అన్నిటికీ సరే అంటావులే” అని నవ్వాడు. నేను పాలు పడుతూ కూర్చుంటే ఎదురుగా కుర్చీ లాక్కుని, ఎవరు దేనికి ఓటేశారో క్రికెట్ స్కోరులా చదివేవాడు. సాయంత్రం పూట ఓటర్లు కొందరు నేరుగా ఇంటికే వచ్చేవారు. వాళ్ళకి టీ పెట్టడం, కప్పులు కడగడం నా పని. కుట్లు ఇంకా లాగుతూనే ఉన్నాయి. మధ్యలో డాక్టరుగారి ఫోను. “కౌంటరూ, ఆ చుక్కల మందు పాత స్టాకు ఏ అరలో పెట్టావ్? కొత్తమ్మాయికి ఏమీ తెలీదు” అని. పాపని భుజాన వేసుకుని, మందు ఏ అరలో ఉందో, తాళం ఏ సొరుగులో ఉందో చెప్పేదాన్ని. సెలవులో ఉన్నానన్న మాటే గానీ పనిలోనే ఉన్నాను. జీతం మాత్రం సెలవు తీసుకుంది.

నిజం చెప్పాలంటే ఆ ఓట్ల సంగతి నేను పెద్దగా పట్టించుకోలేదు. అడగలేదన్న కోపం ఉంది, లేదనను. కానీ పాత పేరు పెట్టినా కొత్త పేరు పెట్టినా పిల్ల నా పిల్లే, ముద్దుగా నేను పిలిచేది నేను పిలుస్తాను. ఏదైనా పెట్టుకోండి, ఆ ఒక్కటి తప్ప, అనుకున్నాను. ఆ ఒక్కటీ ఎవరికి తెలుసు కనక? మా ఆయన చెవిన పడింది ఒకే ఒక్కసారి. అది కడుపులో ఉన్న రోజుల్లో, ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ “పాపైతే ఈ పేరు ఎలా ఉంటుంది?” అని అడిగాను. “ఊఁ, బాగానే ఉంది. నా సాక్సులెక్కడ?” అన్నాడు. సాక్సులు వెతికిచ్చాను. ఆయనకి ఆ సాక్సులు గుర్తుండవు, పేరూ గుర్తుండదని ధైర్యంగా ఉన్నాను.

ఆదివారం నాడు అందరూ మా ఇంట్లో కలిసి పేరు ఖాయం చేద్దామని అనుకున్నారు. అంతకు కొద్దిరోజుల ముందు ఒక సాయంత్రం నేను వంటింట్లో పాలసీసాలు కడుగుతున్నాను. ముందుగదిలో మామగారు, మా ఆయన, స్పీకర్లో వదిన. పాత కొత్త అని అరుచుకుని అలిసిపోయారు. అప్పుడు మా ఆయన “ఉండండి, నాకొకటి తట్టింది” అన్నాడు. అని, ఆ పేరు చెప్పాడు.

నేను కుళాయి కట్టలేదు. నీళ్ళు పోతూనే ఉన్నాయి. ఆ పేరు నా గొంతులో తప్ప ఇంకో గొంతులో నేనెప్పుడూ వినలేదు. ఆయన గొంతులో అది కాస్త పొడుగ్గా, చివర సాగదీసినట్టు ఉంది. మామగారు దాన్ని ఒకసారి మెల్లగా పలికి చూసుకుని, “మా అమ్మ కాలం పేరులాగే ఉందిరా. పద్ధతిగా ఉంది” అన్నారు. ఫోన్లోంచి వదిన “అరే, కొత్తగా కూడా ఉంది! ఎక్కడ పట్టావురా?” అంది. “ఎక్కడా పట్టలేదు, నాకే తట్టింది” అన్నాడు మా ఆయన. ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే తనకే తట్టిందనుకున్నాడు. మగవాళ్ళకి అలా తడుతూ ఉంటాయి. అత్తగారు వంటింట్లోకి వచ్చి “విన్నావుటే? గొడవ తీరిపోయింది, ఇంటిల్లిపాదికీ నచ్చింది” అని కుళాయి కట్టేశారు. నేను కడిగిన సీసానే మళ్ళీ కడుగుతున్నానని ఆవిడ గమనించలేదు.

మర్నాడు పొద్దున ఆయన అద్దం ముందు టై కట్టుకుంటుంటే వెళ్ళి నిలబడ్డాను. “ఆ పేరు వద్దు” అన్నాను.

“ఏ పేరు?”

“నిన్న చెప్పిందే.”

అద్దంలోంచి నన్ను చూశాడు. కాసేపటికి ఏదో వెలిగింది మొహంలో. “అవునవును, అప్పుడు నువ్వే అన్నావు కదూ? చూశావా, నీకు నచ్చిన పేరే వచ్చింది. ఇంకేంటి మరి?”

“అందుకే వద్దు.”

“అదేంటి? అప్పుడు వాడలేదుగా. ఖాళీగానే ఉంది కదా ఆ పేరు.”

ఖాళీగా ఉంది. అద్దెకిచ్చే గది గురించి అన్నట్టు అన్నాడు. నేను చెప్దామనే వెళ్ళాను. పిలిచాను, పలికింది, కాలు కదిపింది అని చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు. అయినా చెప్పలేదు. ఆయన నమ్మడని కాదు నా భయం. నమ్మి, “అయితే ఏమైంది?” అంటాడేమోనని. ఆ మాట ఒకసారి నా చెవిన పడితే ఇక నేను ఈ మనిషి పక్కన పడుకోలేను. ఈలోగా ఆయన ఫోను మోగింది. ఫోను చెవికి పెట్టుకుంటూ రెండో చేత్తో నా భుజం తట్టి, “బాలింత మనసు అలాగే ఉంటుందట, డాక్టరమ్మ చెప్పిందిగా. అదే సర్దుకుంటుంది” అని వెళ్ళిపోయాడు. తలుపు దగ్గర ఆగి “ఇదిగో, టిఫిన్ డబ్బా” అని చెయ్యి చాపాడు. ఇచ్చాను.

అత్తగారితో చెప్దామా అనుకున్నాను. ఆవిడ మొదటి నెలల్లోనే నాతో ఒక మాట అన్నారు, ఈ పాప కడుపున పడ్డప్పుడు. “పోయిందే మళ్ళీ వచ్చిందనుకోవే, మనసుకి నిమ్మళంగా ఉంటుంది” అని. ఎంతమంది తల్లులకి ఎంతమంది ఆ మాట చెప్పి ఉంటారో. నాకు నిమ్మళం రాలేదు సరికదా ఒళ్ళు మండింది. వచ్చింది ఇది. పోయింది అది. ఇది ఇంకొకరి ముఖంతో, ఇంకొకరి ఏడుపుతో వచ్చింది. దీనికి ఆకలేస్తే ఇల్లు ఎగిరిపోతుంది. అది ఏడవను కూడా లేదు, ఏడవడానికి ఊపిరి చాలలేదు. రెంటినీ కలిపి ఒకే పిల్లని చేసేస్తే అందరికీ సుఖమే, నా కడుపుకి తప్ప. ఇప్పుడు దాని పేరు కూడా దీనికి ఇచ్చేస్తే, అది ఉన్నట్టు చెప్పడానికి ఈ లోకంలో ఇంకేమీ మిగలదు. బట్టలు లేవు, ఫోటో లేదు. ఉన్నదల్లా నేను పిలిచిన పిలుపు.

ఆ రోజునుంచే ఇంట్లో అందరూ పాపని ఆ పేరుతో పిలవడం మొదలుపెట్టారు. అలవాటు కావాలి కదా. అత్తగారు స్నానం చేయించడానికి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తూ ఆ పేరు పెట్టి పిలిచారు. పాప గుక్క తిప్పుకోకుండా ఏడుస్తోంది, దానికి పేరూ ఊరూ ఏం తెలుసు. నేను గదిలో దుప్పట్లు మడతపెడుతున్నాను. ఆ పిలుపు వినగానే దుప్పటి వదిలేసి లేచి, గబగబా నడిచి, స్నానాలగది గుమ్మం దాకా వచ్చేశాను. ఎందుకొచ్చానో, ఎవరు కనిపిస్తారనుకున్నానో నాకే తెలియదు. అత్తగారు తలెత్తి “తువ్వాలు తెచ్చావా?” అన్నారు. ఉత్త చేతులు చూసి “ఏ లోకంలో ఉంటావే” అన్నారు. వెనక్కెళ్ళి తువ్వాలు తెచ్చాను. రోజూ ఇంతే ఇక, అనుకున్నాను. బడికి పంపేటప్పుడు, అన్నానికి పిలిచేటప్పుడు, తిట్టేటప్పుడు, దాని పెళ్ళి మాటలప్పుడు, నేను బతికున్నన్నాళ్ళూ ఎవరో ఒకరు ఆ పేరు పిలుస్తారు, నేను లేచి వెళ్తాను, అక్కడ ఇంకొకరుంటారు. పాపం దీని తప్పేముంది? పిలిచినప్పుడల్లా తల్లి తన వైపు కాకుండా తన వెనక్కి చూస్తుంటే ఆ పిల్ల ఎలా పెరుగుతుంది?

ఆదివారం వచ్చింది. వదిన పొద్దున్నే భర్తతో దిగింది, ఒక చేతిలో కేక్ డబ్బా, ఇంకో చేతిలో అలంకరణ సంచి. ఆ అన్నయ్యగారిని కుర్చీ పట్టుకోమని తను ఎక్కి ముందుగది గోడకి దారం కట్టింది. దానికి రంగుకాగితాలతో కత్తిరించిన అక్షరాలు ఒక్కొక్కటే తగిలిస్తోంది. నేను పాపని ఎత్తుకుని గదిలోంచి బయటికి వచ్చేసరికి చివరి అక్షరం పడుతోంది.

ఆ పేరు రాసి ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఎక్కడ చూస్తాను? ఆస్పత్రి పట్టీ మీద నా పేరుంది. కాగితాల్లో నా పేరుంది, పక్కన బేబీ అని ఉంది. నేనూ ఎక్కడా రాసుకోలేదు, ఎవరైనా చూస్తే అడుగుతారని. ఇప్పుడు గోడ నిండా, గులాబీ రంగులో ఒకటి, పసుపులో ఒకటి, ఇంతింత అక్షరాలు. కిటికీలోంచి గాలి వస్తే కదులుతున్నాయి. మొదట నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఎంత ముద్దుగా ఉందో అనిపించింది. ఆ తర్వాత ఒక్కో అక్షరమే మళ్ళీ మొదటినుంచి చదివాను.

వదిన కుర్చీ మీదనుంచి తిరిగి చూసి “ఎలా ఉంది? అంతా కనిపిస్తోందా అక్కణ్ణుంచి?” అంది.

“కనిపిస్తోంది వదినా. చాలా బాగుంది.”

“మరి మొహం అలా పెట్టావేం? వంకర పోయిందా?”

“అది పాప పేరు కాదు వదినా” అన్నాను. “వాళ్ళక్క పేరు.”

కేక్ డబ్బా విప్పుతున్న మా ఆయన ఆగిపోయాడు. అత్తగారు వంటింటి గుమ్మంలో ప్లేట్లు పట్టుకుని అలాగే నిలబడ్డారు. మామగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. “అక్కేమిటి?” అన్నారు. తర్వాత అర్థమై, గొంతు తగ్గించారు. “దానికి పేరెక్కడ పెట్టామమ్మా మనం?”

“మీరు పెట్టలేదు మామయ్యా. నేను పెట్టాను.”

ఇక ఆగలేదు నేను. ఆగితే మళ్ళీ ఎవరికో టీ పెట్టాల్సి వస్తుందని భయం. నర్సు పిలవమన్న సంగతి, కన్నానికి నోరానించి పిలిచిన సంగతి, కాలు కదిపిన సంగతి, అన్నీ చెప్పాను. ఎవరి వైపూ చూడలేదు, గోడ మీది అక్షరాలకే చెప్పాను. “తెలిసి పలికిందో, ఊరికే కదిలిందో నాకు తెలీదు. డాక్టర్లని అడిగితే ఊరికే కదిలిందనే అంటారు. కానీ నేను పిలిచాను. అది బతికున్నన్నాళ్ళూ ఆ పేరుతోనే ఉంది” అన్నాను. పాప పిడికిట్లో నా కొంగు చిక్కుకుని ఉంది.

“నాకెందుకు చెప్పలేదు?” అన్నాడు మా ఆయన.

“మొన్న పొద్దున చెప్పడానికే వచ్చాను. ఖాళీగా ఉందన్నావు.”

వదిన కుర్చీ దిగింది. ఆవిడకి కోపమో జాలో తేలడం లేదు. “నాకు ముందే ఒక మాట చెప్పి ఉంటే... కేక్ మీద కూడా రాయించాను కదమ్మా” అని, మళ్ళీ తనకే బాగోక, “సరేలే, తీసేస్తాను” అని దారం వైపు చెయ్యి చాపింది.

“తియ్యకు వదినా. ఉండనీ” అన్నాను. “మామయ్యా, మీరే అంటారుగా ఏదైనా వరసలో జరగాలని. పెద్దదానికి పేరు పెట్టకుండా చిన్నదానికి ఎలా పెడతాం? ఇవాళ పెద్దదాని పేరు. చిన్నదానికి ఇంకో రోజు. మీ అందరికీ నచ్చిన పేర్లు చెప్పండి, పాతవీ చెప్పండి, కొత్తవీ చెప్పండి. వింటాను. పెట్టడం మాత్రం నేనే పెడతాను. ఓట్లు వద్దు.”

ఈ ఇంట్లోకి వచ్చాక నేను ఇన్ని మాటలు ఒకేసారి ఎప్పుడూ మాట్లాడలేదు. మామగారు లేచి వసారాలోకి వెళ్ళి, నేను ఆరేసిన గుడ్డల మధ్య నిలబడ్డారు. అన్నయ్యగారు ఆ కుర్చీని ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే ఉన్నారు. ఇంత చేసి కూడా నాకు గెలిచినట్టు లేదు. అందరూ గోడ వైపు చూస్తున్నారు. రెండేళ్ళు ఆలస్యంగా ఒక పిల్ల పోయినట్టుంది ఆ గదిలో.

మా అత్తగారు ప్లేట్లు బల్ల మీద పెట్టి, కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుని, గోడ మీది అక్షరాలు కూడబలుక్కుంటున్నట్టు పెదాలు కదిపారు. పైకి అనలేదు. నా దగ్గరికి వచ్చి పాప వీపు మీద చెయ్యి వేశారు. చూపు మాత్రం గోడ మీదే ఉంది.

“నేను లోపలికి రాలేదు కదే అప్పుడు” అన్నారు. “గాజు బయటే నిలబడిపోయాను. చూస్తే మనసు అంటుకుపోతుందని. దాని ముక్కు ఎవరిదే? నీదా, వాడిదా?”

పుట్టిన ప్రతి పిల్లకీ అడిగే ప్రశ్నే. దాని గురించి నన్ను ఎవరూ అడగలేదు. “తెలీదు అత్తయ్యా” అన్నాను. “గొట్టం నిలబడటానికి ముక్కంతా పట్టీలు అంటించారు. నేనూ చూడలేదు.”

“నీదే” అన్నాడు మా ఆయన.

తిరిగి చూశాను. కేక్ డబ్బా మూత ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని మడుస్తున్నాడు, విప్పుతున్నాడు. “పట్టీలన్నీ తీసేశాకే నా చేతికిచ్చారు. తీసుకెళ్ళేటప్పుడు దారి పొడుగునా చూస్తూనే ఉన్నాను. నీ ముక్కే.”

రెండేళ్ళు ఆ ముఖం ఆయన దగ్గర ఉంది. నేను పాపని భుజం మార్చుకుని, వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

“ఇంకా?” అన్నాను.